పచ్చ అంబాసిడర్‌లో గూఢచారి

మనిషికి పరువు ఒక్కసారే పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నాది ఒకే ఆదివారం పొద్దున, టిఫిను వేళకూ భోజనాల వేళకూ మధ్య, మూడు దఫాలుగా పోయింది. మొదటి దఫా జమ్మలమడుగులో మజ్జిగ అంగడి పక్కన. రెండో దఫా గండికోట ఎక్కే దారిలో. మూడోది కోటలో బొరుగుల ఉగ్గాని తిని దిగొచ్చే దారిలో. వరసగా చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. కానీ మా ఆవిడ నవ్వినంత గట్టిగా మాత్రం నవ్వకండి, ఆ ఘనత ఆమెకే ఉండనీయండి.

నేను కోయిలకుంట్లలో చేనేత చీరల అంగడి పెట్టుకున్న సుబ్బయ్య శెట్టిని. నాకొక అంబాసిడర్ కారుంది. నాకంటే కొన్నేళ్ళు చిన్నది, నాకంటే బాగా నడుస్తుంది. రంగు పచ్చ. అంతా ఇంతా పచ్చ కాదు, చిలకలు చూస్తే వరస కలుపుకునేంత పచ్చ. మూడు తాలూకాల్లో ఏ సందులో నిలిపినా, అంగట్లోకి వచ్చినవాళ్ళు "శెట్టీ, నిన్న నీ బండి ఫలానా చోట చూసినామే" అనకుండా చీర చూడరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ రోజు నేనొక్కడినే మరిచిపోయాను.

ఇలాంటి పాత బండ్లున్న వాళ్ళందరినీ పోగుచేసి, నేనే ఫోన్లో ఒక గ్రూపు పెట్టినా. పేరు "సీమ పాతబండ్లు". కర్నూలు నుంచి కడప దాకా ఎనభై మంది చేరినారు. అబ్బ, ఏం రోజులవి! ఒకాయన "నా బండి స్టార్టు చేస్తే కుయ్ అంటాండాది" అని పెట్టేవాడు. వెంటనే పద్దెనిమిది మంది "కుయ్ అనా, కీయ్ అనా?" అని అడిగేవాళ్ళు. ఆయన ఆ శబ్దం రికార్డు చేసి పంపేవాడు. మేమంతా అంగళ్ళలో, ఆఫీసుల్లో, పెళ్ళిపందిళ్ళలో ఫోను చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వినేవాళ్ళం. ఒకరోజు మా ఆవిడ రాజేశ్వరి వెనక నుంచి వచ్చి, "అదెవురి గురక? అంత ఇష్టంగా వింటాండావు?" అని నిలదీసింది. అది ప్రొద్దుటూరు బండి ఇంజన్ అని నమ్మించడానికి నాకు ఒక పూట పట్టింది.

గ్రూపుకు ప్రాణం ఇద్దరు. ఒకరు కడపలో మెకానిక్ దస్తగిరన్న. బండి రోగం చూడక్కరలేదు, ఫోన్లో దగ్గు వింటే చాలు, మందు చెప్పేవాడు. రెండోవారు జమ్మలమడుగు ఓబులేసు సారు. బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరైన మనిషి, పాత ఫియట్ ఉండేది. ఎవరేం పెట్టినా అక్షరదోషాలు దిద్ది మరీ మెచ్చుకునేవారు.

నేను అడ్మిన్‌ని. అడ్మిన్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతున్నా: జీతం లేని కలెక్టరు. ఆ కలెక్టరు గిరీలో నేనొక ఘనకార్యం చేసినా. మైదుకూరు తిరుపాల్ రెడ్డి అని ఒకాయన తన అంబాసిడర్‌ను అమ్మేసినాడని తెలిసింది. నాకు కడుపు మండింది. ఆయన ఫొటోకు దండ వేసి, పక్కన రెండు అగరొత్తులు గీయించి, కింద "మన తిరుపాల్ రెడ్డి ఇక మన గ్రూపులో లేరు. బండి అమ్మిన మనిషికి ఇదే మా కన్నీటి వీడ్కోలు" అని రాసి, గ్రూపులో పెట్టి, ఆయన్ను తీసేసినా. నవ్వుతారనుకున్నా. కొందరు నవ్వుబొమ్మలు పెట్టినారు. ఓబులేసు సారు మాత్రం, "కన్నీటికి న వత్తు సరిగా ఉండాది గానీ, మిగతా ఏదీ సరిగా లేదు శెట్టీ" అని రాసినారు. అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నాకు చేతనైన పని ఒకటే, బొటనవేలి బొమ్మ పెట్టడం. పెట్టినా.

అది మొదలు గ్రూపు సన్నబడింది. రోజుకు రెండు వందల మాటలు పడే చోట ఇరవై పడ్డాయి. తరవాత రెండు. తరవాత పొద్దున పువ్వుల బొమ్మ, సాయంత్రం దీపం బొమ్మ. చివరికి ఆ పువ్వూ వాడిపోయింది, దీపమూ కొండెక్కింది. నేను నా కారు చక్రాలకు కొత్త మూతలు వేయించి ఫొటో పెడితే అరవై మంది చూసినారు, ఒక్కరంటే ఒక్కరు బొటనవేలు పెట్టినారు. అరగంటకు ఆ వేలు కూడా వెనక్కి తీసుకున్నారు!

"నీ గ్రూపులో నువ్వొక్కనివే మాట్లాడుకుంటాండావు. గోడతో మాట్లాడినా నయం, రెండు పెచ్చులన్నా ఊడతాయి" అనింది రాజేశ్వరి.

"ఊరికే ఇట్ల కాదే. దీని వెనకాల ఏదో ఉండాది."

"ఏముంటాది?"

"వీళ్ళు నాకు తెలీకుండా ఇంకో గ్రూపు పెట్టినారు."

అనేశాను గానీ, నోట్లోంచి వచ్చిన మాట తిరిగి చెవుల్లోకి పోయి అక్కడే కాపురం పెట్టింది. ఆ రోజు నుంచి నాకు ఎటు చూసినా ఆధారాలే.

మొదటి ఆధారం పిల్లి. "సారూ, మీ ఫియట్ ఫొటో ఒకటి పెట్టండి, చూసి శానా దినాలైంది" అని ఓబులేసు సారును అడిగినా. పెట్టినారు. బానెట్ మీద ఒక పిల్లి నిద్రపోతోంది. వారం తర్వాత మళ్ళీ అడిగితే మళ్ళీ పెట్టినారు. అదే పిల్లి, అదే నిద్ర. మూడోసారీ అదే పిల్లి, తోక కూడా అటు నుంచి ఇటు వేయలేదు. వారాల తరబడి ఒకే పక్కకు తిరిగి పడుకునే పిల్లి లోకంలో ఉంటుందా? అంటే పాత ఫొటోలన్నమాట. బుద్ధున్నవాడైతే ఇక్కడ ఏమనుకోవాలి? మీరు ఇప్పుడు ఏమనుకున్నారో అదే అనుకోవాలి. నేనేమనుకున్నానంటే: కొత్త ఫొటోలన్నీ ఆ దొంగ గ్రూపుకు పెట్టి, మిగిలిన పాతవి మనకు పారేస్తున్నాడు!

రెండో ఆధారం దస్తగిరన్న షెడ్డు. నా బండిని చూపించడానికి కడప పోయినా. ఒకప్పుడు ఆ షెడ్డు ముందు పాత బండ్లు పెళ్ళికొచ్చిన పెద్దల మాదిరి వరసగా కూర్చునేవి. ఇప్పుడు చూస్తే అన్నీ ఆటోలు, మోటార్ సైకిళ్ళు.

"మనోళ్ళ బండ్లు ఒక్కటీ కనపడవే అన్నా?"

"వస్తాయిలే శెట్టీ" అన్నాడు, నా ముఖం చూడకుండా.

"ఎప్పుడు వస్తాయి? యాడికి పోయినాయి?"

"ఏమప్పా, పోలీసోని మాదిరి అడుగుతాండావు? కొంచెం ఆ పానా ఇట్ల ఇయ్యి."

పానా ఇచ్చి చూస్తును కదా, నా బండిలో నీళ్ళ రేడియేటర్ తీసి వేరేది పెడుతున్నాడు. అసలైన పాత సరుకు, ఎక్కడా తుప్పు లేదు. అలాంటిది బజార్లో దొరికి ఎన్నేళ్ళయిందో!

"ఇది యాడిదన్నా?"

"దొరికింది."

"ఎవురి కాడ?"

"దొరికింది అంటాండా కదా."

ఎంత అడిగినా ఆ ఒక్క మాట తప్ప రాలేదు. డబ్బు కూడా తీసుకోలేదు. ఇంటికొచ్చే దారి పొడవునా ఆలోచించినా. ఊరికే ఇచ్చినాడంటే నోరు మూయించడానికే ఇచ్చినాడు! వాళ్ళకు రహస్యంగా సామాన్లు దొరుకుతున్నాయి, నాకు తెలియకుండా పంచుకుంటున్నారు, నాకు అనుమానం రాకుండా ఒకటి పడేసినారు. మంచి చేసినవాణ్ణి ఇంత శ్రమపడి దొంగను చేసినవాడు ఈ సీమలో నేనొక్కడినే అయి ఉంటాను.

మూడో ఆధారం తనంతట తానే వచ్చి ఒళ్ళో పడింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం గ్రూపులో ఓబులేసు సారు మెసేజ్: "ఆదివారం పొద్దున ఎనిమిదికి జమ్మలమడుగు బస్టాండు. ఆణ్ణించి గండికోట. ఉగ్గాని నేను తెస్తా. ఎవురెవురు వస్తాండారో చెప్పండప్పా."

నేను రెండోసారి చదివేలోపల అది మాయమై, ఆ చోట "ఈ మెసేజ్ తొలగించబడింది" అని వచ్చింది.

ఎగిరి గంతేసినా. చేతిలో ఉన్న చీర మడత విడిపోయి, ఎదురుగా బేరం చేస్తున్న పెద్దావిడ తల మీద ముసుగులా పడింది. "దొరికినారు!" అని అరిచినా. ఆవిడ చీర లోపల నుంచే, "తీసుకుంటాలే నాయనా, అరవబాక" అనింది.

ఆదివారం పొద్దున బయల్దేరే ముందు మారువేషం వేసుకున్నా. నల్లద్దాలు, మెడ దాకా మూసే మంకీ క్యాపు. అప్పటికి శివరాత్రి పోయి పది దినాలైంది. మా వైపు ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు ఇప్పటికే చెమట తుడుచుకుంటూ ఉంటారు.

రాజేశ్వరి గడపలో నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసింది. "యాడికి?"

"వాళ్ళను పట్టుకోడానికి. నన్ను ఎవురూ గుర్తుపట్టరు చూడు."

"నీ ముఖానికి టోపీ వేసినావు సరే. ఆ కారుకు ఎవురు వేస్తారు?"

నాకు వినపడలేదు. చెవుల మీద ఉన్ని ఉంది కదా.

జమ్మలమడుగులో బస్టాండుకు ఎదురుగా, మజ్జిగ అంగడి పక్కన బండి నిలిపి, సీట్లో కిందికి జారి కూర్చున్నా. పాత బండ్లు బారులు తీరి వస్తాయని చూపంతా రోడ్డు మీదే. ఒక్కటీ రాలేదు. మజ్జిగ అమ్మే ఆమె మాత్రం వచ్చింది.

"శెట్టిగారూ, పంటి నొప్పా?"

"నేను శెట్టిని కాదు" అన్నా, గొంతు మార్చి.

"పోయిన నెల మీ అంగట్లోనే కదా, మా కోడలికి చీర తీసుకుంటిమి" అని ఆమె గ్లాసు చేతిలో పెట్టి పోయింది. టోపీ మీదుగా మజ్జిగ తాగితే ఎంత లోపలికి పోతుందో, ఎంత ఉన్నికి పోతుందో ఆ రోజు తెలుసుకున్నా. పరువు, మొదటి దఫా.

ఇంతలో ఒక తెల్ల వ్యాను వచ్చి ఆగింది. ఈ కాలం బండి, అద్దె వ్యాను. లోపల దస్తగిరన్న. ఇంకో పదిమంది, అందరూ మా గ్రూపువాళ్ళే. ఓబులేసు సారు టిఫిన్ గిన్నెలతో కుంటుకుంటూ వచ్చి ఎక్కినారు. ఆయనకు చెయ్యందించి ఎక్కించుకున్నదెవరో తెలుసా? తిరుపాల్ రెడ్డి! నేను దండ వేసిన తిరుపాల్ రెడ్డి!

"అదీ సంగతి" అనుకున్నా పళ్ళు కొరుకుతూ. "నేను తీసేసినవాణ్ణి వీళ్ళు నాయకుణ్ణి చేసుకున్నారు." పాత బండ్ల మీటింగుకు కొత్త వ్యానులో ఎందుకు పోతున్నారు అనే చిన్న ప్రశ్న నా బుర్రలోకి రాలేదు. బుర్ర కూడా టోపీలోనే ఉంది.

వెంబడించినా. ఊరు దాటి దారి పైకెక్కే చోట, నా బండి ముందు నుంచి సన్నగా పొగ. తరవాత లావుగా పొగ. తరవాత కారు కనపడలేదు, పొగ ఒక్కటే గండికోటకు పోతోంది. పక్కకు తీసి ఆపినా. ముందు పోతున్న వ్యాను కూడా ఆగింది. దాని తలుపు తెరుచుకుని అందరూ దిగి నా వైపు నడుచుకుంటూ వస్తున్నారు.

నేను స్టీరింగు కిందికి దూరినా. దూరినవాణ్ణి దూరినట్టే ఉండక, మోచెయ్యి తగిలి హారన్ కొట్టినా.

దస్తగిరన్న బానెట్ ఎత్తి, లోపలికి ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "శెట్టీ, ముందు ఆ టోపీ తియ్యి. బండి కంటే నువ్వే ముందు ఉడికేట్లుండావు" అన్నాడు.

"మీకు... ఎట్ల తెలిసింది?"

"జమ్మలమడుగులోనే చూసినాం" అన్నాడు తిరుపాల్ రెడ్డి. "పచ్చ కారులో మంకీ క్యాపు ఉండాది, లోపల మనిషున్నాడో లేడో అని పందెం వేసుకుంటాండాం."

పరువు, రెండో దఫా. పోయేది ఎలాగూ పోయింది కదా అని, కడుపులో ఉన్నదంతా కక్కేసినా. టోపీ లాగి నేలకేసి కొట్టి, రోడ్డు మధ్యలో నిలబడి ఉపన్యాసం ఇచ్చినా. "గ్రూపు పెట్టింది నేను! అందరినీ కలిపింది నేను! నా వెనకాల ఇంకోటి పెట్టుకుంటారా? పాత ఫొటోలు నాకు పారేస్తారా? సామాన్లు దాచుకుంటారా? కాదంటారా? అయితే మీ ఫోన్లు చూపీండి!"

ఓబులేసు సారు నెమ్మదిగా జేబులోంచి ఫోను తీసి నాకిచ్చినారు. "చూడు నాయనా. దాచి లాభం లేదు."

చూసినా. ఇంకో గ్రూపు ఉంది! నా అనుమానం నిజమే! గెలిచినట్టు తలెత్తబోయి, దాని పేరు చదివినా. "బండి అమ్మినోళ్ళు".

కిందికి జరిపినా. "ఈ పొద్దు నా బండి తీసుకపోయినారప్పా. వాకిలి బోసిగా ఉండాది." దాని కింద ఇంకొకరు: "నాకూ నెల దినాలు అట్లనే ఉండె. రోడ్డు మీద హారన్ వినపడితే లేచి పోతాంటి." ఇంకొకటి: "శెట్టికి మాత్రం చెప్పొద్దు. మనకూ దండేస్తాడు."

"మీదీ అమ్మేసినారా సారూ?" అన్నా.

"మోకాలు ఆపరేషన్ అయింది కదా. క్లచ్ తొక్కలేను. ఊరికే నిలిపి తుప్పు పట్టించే దానికి మనసు రాలేదు. ఆ పిల్లి ఫొటో ఒక్కటే మిగిలింది." ఆయన నవ్వబోయి ఆగినారు. "నువ్వు అడిగినప్పుడల్లా అదే పెడతాంటి."

ఒకరి బండికి ఇల్లు కట్టినాక నిలిపే చోటు లేదు. ఒకరికి చూపు తగ్గింది. ఒకరికి కాగితాల గడువు తీరింది. ఎనభై మందిలో బండి మిగిలింది ఎంతమందికని అడిగితే, దస్తగిరన్న నా రేడియేటర్ మూతకు గుడ్డ చుట్టి, జాగ్రత్తగా తిప్పుతూ అన్నాడు: "తిరిగే బండి అయితే నీదొక్కటే శెట్టీ. అందరూ అమ్మే ముందర నా కాడికి వచ్చి, శెట్టి బండికి పనికొచ్చేది ఏమన్నా ఉంటే తీసి పెట్టుకో అన్నా అని చెప్పి పోయినారు. నీ పక్క అద్దం నంద్యాల బండిది. వైపర్ మోటారు ప్రొద్దుటూరుది."

"మరి ఈ రేడియేటర్?"

ఆయన తిరుపాల్ రెడ్డి వైపు చూసినాడు.

నేను తిరుపాల్ రెడ్డి వైపు చూడలేకపోయినా. నేల మీది టోపీ వైపు చూసినా.

చివరికి ఆయనే అన్నాడు: "నువ్వు దండేసిన ఫొటో అట్లా ఇట్లా తిరిగి మా బావమరిది ఫోనుకు పోయింది. అనంతపురం నుంచి ఏడ్చుకుంటా వచ్చినాడు. వాకిట్లో మొగం కడుక్కుంటాండే నన్ను చూసి ఆడనే కూలబడినాడు. వాణ్ణి ఆస్పత్రికి తీసుకపోయేదానికి బండి లేదు, అప్పుడే అమ్మింటి కదా."

"తప్పయింది తిరుపాలన్నా. శానా తప్పయింది" అన్నా. చేతులు పట్టుకుంటే, ఆయన విడిపించుకోలేదు.

"ఆర్నెల్ల నుంచి నీ మీద కోపం ఉన్నింది శెట్టీ" అన్నాడు, ఆవిరి కక్కుతున్న తన పాత రేడియేటర్ వైపు తల ఊపుతూ. "నా కోపాన్ని అది చూపిచ్చింది. ఇంగ చాలు."

నా కారును అక్కడే చల్లారబెట్టి, వాళ్ళ వ్యానులో నన్నూ ఎక్కించుకుని గండికోట పోయినాం. పెన్న లోయ కనపడే బండ మీద గుండ్రంగా కూర్చుని, సారు తెచ్చిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. కింద నది ఎర్రబండల మధ్య సన్నగా పోతోంది. ఎవరూ కార్ల గురించి మాట్లాడలేదు. మోకాళ్ళ గురించి, కోడళ్ళ గురించి, వానల గురించి మాట్లాడుకున్నారు. నా గ్రూపులో కారు మాట తప్ప వేరే మాట పెట్టగూడదని రూలు రాసింది నేనే. ఆ బండ మీద కూర్చుంటే తెలిసింది, వాళ్ళు కార్ల కోసం చేరినారు గానీ, కార్ల కోసమే కాదని.

కడుపు నిండినాక ధైర్యం వచ్చి అడిగినా. "నన్ను కూడా మీ గ్రూపులో చేర్చుకోండి."

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"కుదరదు" అన్నారు ఓబులేసు సారు, బజ్జీ కొరుకుతూ. "నీకు బండి ఉండాది."

"అదొక బండేనా సారూ? దారిలో చూసినారు కదా, ఉడికి కూర్చున్నింది. నడవని బండి ఉన్నా లేనట్టే."

నేను ఈ మాట దస్తగిరన్న వినేట్టు అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం ఎర్రబడింది. "నేను రిపేరు చేసిన బండి నడవదంటావా?" అని చెయ్యి కడుక్కోకుండానే లేచినాడు. అందర్నీ వ్యాను ఎక్కించి, దారిలో నా కారు దగ్గరికి తీసుకొచ్చి, వదులైన నీళ్ళ గొట్టం బిగించి, బిందెడు నీళ్ళు పోసి, తాళం తిప్పినాడు. ఆ మహాతల్లి ఒక్క దగ్గు కూడా దగ్గకుండా స్టార్టయింది!

"నడుస్తాండాది" అన్నారు అందరూ ఒక్కసారే.

పరువు, మూడో దఫా. సొంత కారు స్టార్టయినందుకు ఏడుపొచ్చిన మనిషిని నేనే.

అప్పుడు తిరుపాల్ రెడ్డికి జాలి కలిగింది. "సభ్యునిగా చేర్చుకోలేం గానీ, డ్రైవరుగా పెట్టుకుందాం. ఆదివారం ఆదివారం ఒక్కొక్కరిని కూర్చోబెట్టుకుని తిప్పనీండి." చేతులెత్తి ఓటు వేసినారు. ఈ రోజుకీ ఆ గ్రూపులో నా పేరు "డ్రైవర్ శెట్టి". మొదటి ఆదివారం ఓబులేసు సారు ముందు సీట్లో కూర్చుని, ఊరు దాటేదాకా డాష్‌బోర్డు తుడుస్తానే ఉన్నారు. తరవాత కిటికీ అద్దం దించి, చెయ్యి బయట పెట్టి, "కొంచెం తొక్కు శెట్టీ" అన్నారు.

గండికోట నుంచి ఇంటికొచ్చిన పూటే జరిగిందంతా రాజేశ్వరికి చెప్పి, దేవుని గది ముందర నిలబడి, అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, గంభీరంగా ప్రమాణం చేసినా: "నేను, సుబ్బయ్య శెట్టిని, ఇంగ ఈ జన్మలో ఎవురినీ, దేన్నీ అనుమానించను."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అనింది: "అంటించే ముందర అది కర్పూరమేనా కాదా అని రెండుసార్లు వాసన చూసినావు. ఫస్టు అది మానుకో."